షెన్‌జెన్ వేలంపాట: ముందు సుత్తి, తర్వాత రాజ్యాంగం

కృష్ణవేణి_లా | సోమవారం రాత్రి 9:40

నమస్కారమండీ. న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ రెండో ఏడు నాది. చైనా ఆర్థిక సంస్కరణల్లో భూమి చట్టాలు నా అంశం. ఒకచోట నెలన్నరగా ఇరుక్కుపోయాను. ఇక్కడ రకరకాల అనుభవాల వాళ్లున్నారు కదా అని అడుగుతున్నా.

1987 డిసెంబరు 1న హాంకాంగ్ పక్కనే ఉన్న చైనా నగరం షెన్‌జెన్‌లో ఒక హాల్లో స్థలానికి బహిరంగ వేలం పెట్టారు. స్థలం 8,588 చదరపు మీటర్లు. సర్కారు వారి పాట 20 లక్షల యువాన్లు. 44 సంస్థలు వచ్చాయి. పదిహేడు నిమిషాల్లో 52.5 లక్షల దగ్గర సుత్తి పడింది. అమ్మింది నేలని కాదు, 50 ఏళ్ల వాడకపు హక్కుని. అంతకుముందు సెప్టెంబరులో బేరమాడి ఒక స్థలం, నవంబరులో టెండరు పిలిచి ఒక స్థలం ఇచ్చారు గానీ, జనం ముందు పాట పాడి ఇవ్వడం ఇదే మొదలు.

చిక్కేమిటంటే, ఆ రోజుకి అమల్లో ఉన్న 1982 రాజ్యాంగం పదో అధికరణం ప్రకారం ఎవరూ భూమిని ఆక్రమించకూడదు, కొనకూడదు, అమ్మకూడదు, అద్దెకి కూడా ఇవ్వకూడదు. ఆ అధికరణాన్ని మార్చి, వాడకపు హక్కుని చట్టప్రకారం బదిలీ చేయొచ్చని చేర్చింది 1988 ఏప్రిల్ 12న. అంటే సుత్తి పడ్డ నాలుగు నెలల పదకొండు రోజులకి.

మా గైడు గారి ప్రశ్న: "ఇది ఉల్లంఘనా, ప్రయోగమా? ఒక్క వాక్యంలో రాసుకురా." రాయలేకపోతున్నాను.

ఎకనామిక్స్_మాస్టారు | సోమవారం రాత్రి 10:25

మంచి చోటే ఇరుక్కున్నావమ్మా. మా వైపు నుంచి చూస్తే ఇదొక పాత తగాదా. ఆస్తి హక్కులకి, ఒప్పందాలకి కోర్టులు గట్టి పూచీ ఇస్తేనే పెట్టుబడి వస్తుంది, పెట్టుబడి వస్తేనే వృద్ధి అని మేం క్లాసులో చెప్తాం. చైనా ఈ పాఠానికి లొంగదు. చైనా చట్టాల మీద పనిచేసే అమెరికా న్యాయ ఆచార్యుడు డొనాల్డ్ క్లార్క్ 2003లో రాసిన వ్యాసంలో దీన్నే పట్టుకున్నాడు. 2005లో ఆర్థికవేత్త ఫ్రాంక్లిన్ ఆలెన్, మరో ఇద్దరు కలిసి రాసిన వ్యాసం ఇంకోవైపు నుంచి వచ్చింది: చట్టాలు, బ్యాంకులు రెండూ బలహీనంగా ఉన్నా ప్రైవేటు రంగమే అందరికంటే జోరుగా పెరిగింది, పలుకుబడి, పరిచయాలు లాంటివి చట్టం చేయాల్సిన పని చేశాయి అని.

భూమి విషయంలో నీ షెన్‌జెన్ కంటే ముందు షియావోగాంగ్ ఉంది. ఆన్‌హుయ్ రాష్ట్రంలో చిన్న పల్లె. 1978 చివర్లో 18 మంది రైతులు ఊరంతా కలిసి సాగుచేసే సమష్టి భూమిని ఇంటింటికీ పంచుకుని రహస్యంగా వేలిముద్రలు వేశారు. మనలో ఎవరైనా జైలుకి పోతే వాళ్ల పిల్లల్ని పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా మిగతావాళ్లం సాకుతాం అని అందులో రాసుకున్నారు. ఇప్పుడు మ్యూజియంలో ఉన్న కాగితం అసలుదేనా అన్న వాదన వేరే ఉందనుకో. ఆ పంపకం కొన్నేళ్లలో దేశమంతా పాకింది. ముందు పని, వెనకాల కాగితం.

గట్టిపకోడి | సోమవారం రాత్రి 10:31

"రాళ్లు తడుముకుంటూ ఏరు దాటడం" అనే డెంగ్ షియావోపింగ్ మాట ఇంకా ఎవరూ వాడలేదు. రికార్డే.

కృష్ణవేణి_లా | సోమవారం రాత్రి 10:38

పకోడి గారూ, ఆ మాట సంస్కరణల గురించి పార్టీ సమావేశంలో అన్నది పార్టీ పెద్దల్లో ఒకడైన చెన్ యున్, 1980 డిసెంబరులో. డెంగ్ ఒప్పుకున్నాడు, పేరు ఆయనకి వచ్చింది. :)

ఎర్రమందారం | సోమవారం రాత్రి 11:50

ఈ కథ ఎప్పుడు విన్నా వీరగాథలాగే చెప్తారు. ఆ పాట పాడుకున్నదెవరు? షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక మండలం వాళ్ల సొంత రియల్ ఎస్టేట్ కంపెనీ. సర్కారు అమ్మింది, సర్కారు కంపెనీ కొన్నది. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. దీన్ని మార్కెట్ పుట్టుక అనడం నాకు నవ్వొస్తుంది.

రెండోది, నగరంలో నేల రాజ్యానిది, పల్లెలో నేల సమష్టిది అని అదే పదో అధికరణం చెప్తుంది. నగరం పెరగాలంటే పల్లె నేలని ముందు సర్కారు సేకరించాలి, ఆ తర్వాతే పాట పెట్టాలి. రైతుకిచ్చే పరిహారం పంట విలువ మీద లెక్క. 1998 భూ నిర్వహణ చట్టంలో భూమికీ, పునరావాసానికీ కలిపి మూడేళ్ల సగటు పంట విలువకి 30 రెట్లు మించకూడదని పరిమితి పెట్టారు. ఆ పరిమితి పోయింది 2019 సవరణతో. ఇరవై ఏళ్లపాటు వరి ధరకి కొని అపార్ట్‌మెంటు ధరకి అమ్మారు. అమ్మాయ్, నీ థీసిస్‌లో ఆ తేడా ఎవరి జేబులోకి పోయిందో ఒక అధ్యాయం పెట్టు. రాజ్యాంగం ఉల్లంఘించారా లేదా అనేది ఆ తర్వాత.

పాతదస్తావేజు | మంగళవారం ఉదయం 6:15

తల్లీ, నేను సబ్ రిజిస్ట్రార్‌గా చేసి రిటైరయినోణ్ని. చైనా సంగతి నాకు తెల్వది. కానీ నువ్వు రాసింది చదువుతుంటే మా సాదాబైనామాలు యాదికొచ్చినయి.

తెలంగాణ పల్లెల్ల వేల ఎకరాలు తెల్లకాగితం మీద చేతులు మారినయి. రిజిస్ట్రేషన్ లేదు, స్టాంపు లేదు. ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు, ఒక బొటనవేలు ముద్ర. ఒకాయన నా ముందర పెట్టిన కాగితం మడతల కాడ చినిగి నాలుగు ముక్కలైంది, అన్నంమెతుకులతో అతికిచ్చిండు. దున్నుతున్నది ఆయనే, ఊరంత ఆయనదే అంటది, రికార్డుల మాత్రం పాత పట్టాదారు పేరే. చట్టం ప్రకారం అది అమ్మకమే కాదు. మరి ముప్పై ఏండ్లుగ నడుస్తున్నది ఏంది? చివరికి 1971 ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డుల) చట్టంల 5ఏ సెక్షన్ పెట్టి అసుంటివాటిని క్రమబద్ధం చేసే దారి తెరిచిన్రు.

అందుకే అడుగుతున్న. షెన్‌జెన్ల జరిగింది ఇట్లాంటిదేనా? కాకపోతే ఇక్కడ రైతు కాగితం రాసుకున్నడు, అక్కడ సర్కారే రాసుకున్నట్టున్నది.

ముత్యాలనది | మంగళవారం ఉదయం 9:05

పెద్దాయన సరిగ్గా పట్టారు. నేను షెన్‌జెన్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా, ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు కొని ఇండియాకి పంపే పని. ఇక్కడ అచ్చం సాదాబైనామా లాంటిదే ఇంకొకటుంది.

నగరం పల్లెల్ని చుట్టేసింది గానీ మింగలేదు. ఊళ్లు మధ్యలో అలాగే మిగిలిపోయాయి, పొలాలు పోయి ఇళ్లస్థలాలు మిగిలాయి. వాటిమీద ఊరివాళ్లు ఆరేసి, ఎనిమిదేసి అంతస్తులు లేపారు. వీటిని "కరచాలనం కట్టడాలు" అంటారు, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి చెయ్యి కలపొచ్చు. నేను మొదట అద్దెకున్న గదిలో పట్టపగలు లైటు వేసుకుని బట్టలు మడతపెట్టుకునేవాణ్ని. సందులో నడిస్తే నెత్తిన ఏసీ నీళ్లు, మొహం ముందు వైర్ల గుత్తులు. నగరానికి వచ్చిన ప్రతి కూలీ, ప్రతి కొత్త ఇంజనీరు ముందు దిగేది అక్కడే.

ఈ ఇళ్లని అమ్ముతారు కూడా. సమష్టి నేల మీద కట్టినవి కాబట్టి బయటివాళ్లకి అమ్మడం చట్టం ఒప్పుకోదు. ప్రభుత్వమిచ్చే ఎర్ర అట్ట హక్కు పుస్తకం రాదు. "చిన్న హక్కు ఇళ్లు" అని జనం పేరు పెట్టారు. ఊరి కమిటీ ముద్ర వేసిన ఒప్పందం ఒకటి చేతికిస్తారు. దాన్ని నమ్ముకునే జనం కొంటారు. చియావో షిటోంగ్ అనే న్యాయ పరిశోధకుడు వీటి మీదే పుస్తకం రాశారు, షెన్‌జెన్ కట్టడాల్లో దాదాపు సగం ఇలాంటివేనని ఆయన లెక్క. సగం నగరం చట్టం లెక్కలో లేదు, కానీ ప్రతి నెలా ఒకటో తారీఖున అద్దె మాత్రం ఠంచనుగా వసూలవుతుంది.

కృష్ణవేణి_లా | మంగళవారం మధ్యాహ్నం 1:20

పాతదస్తావేజు గారూ, ముత్యాలనది గారూ, మీ ఇద్దరి పోస్టులూ ప్రింటు తీసుకున్నా.

సర్కారు తనే ఉల్లంఘిస్తే దాన్నేమనాలి అన్నదానిమీద చైనా పండితులే 1996లో కొట్టుకున్నారు. హావో టియెచువాన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు "మేలుచేసే రాజ్యాంగ ఉల్లంఘన" అని వ్యాసం రాశాడు. రాజ్యాంగం సంస్కరణ వెనకాల నడుస్తోంది, కాబట్టి ఉత్పత్తి పెరిగి ప్రజలకి మేలు జరిగేదైతే మాటని దాటినా భావాన్ని దాటినట్టు కాదు అని వాదన. అదే ఏడాది అదే పత్రికలో టోంగ్ జివెయ్ విరుచుకుపడ్డాడు. ఉల్లంఘనలో మంచి చెడూ ఏమిటి, రేపు ప్రతి అధికారీ నాది మంచి ఉల్లంఘన అంటాడు, దాన్ని తేల్చేదెవరు అని. చైనాలో కోర్టులు రాజ్యాంగ విరుద్ధమని దేన్నీ కొట్టెయ్యలేవు. ఆ అధికారం అక్కడి పార్లమెంటు అయిన జాతీయ ప్రజా కాంగ్రెస్‌దీ దాని స్థాయీ సంఘానిదీ. కాబట్టి టోంగ్ ప్రశ్న గట్టిదే.

నేను టోంగ్ వైపే మొగ్గుతున్నాను, కానీ హావో చెప్పినదాన్ని కొట్టిపారెయ్యలేకపోతున్నాను. నా నెలన్నర ఇబ్బంది ఇదే.

హార్బర్_లాయర్ | మంగళవారం రాత్రి 8:10

హాంకాంగ్‌లో ప్రాక్టీసు. రెండు ముక్కలు చెప్తా.

షెన్‌జెన్ వాళ్లు ఆ ఆలోచనని గాల్లోంచి తీసుకోలేదు, ఏటి ఇవతలి ఒడ్డు నుంచి తీసుకున్నారు. హాంకాంగ్‌లో సెయింట్ జాన్స్ కెథడ్రల్ స్థలం ఒక్కటి తప్ప నేలంతా ప్రభుత్వ లీజే. ఏళ్ల లెక్కన హక్కు అమ్మి, ఆ డబ్బుతో రోడ్లు వెయ్యడం ఇక్కడ వందేళ్ల పైబడిన అలవాటు. నేల రాజ్యానిదే అన్న సోషలిస్టు సూత్రానికి బ్రిటిష్ వలస లీజు పద్ధతి అతికినట్టు సరిపోయింది. ఇంతకంటే వింత పెళ్లి నేను చూడలేదు.

రెండోది, కృష్ణవేణి గారూ, సుత్తికీ రాజ్యాంగానికీ మధ్య ఇంకో మెట్టు ఉంది. 1987 డిసెంబరు 29న, అంటే వేలం అయిన నాలుగు వారాలకి, గ్వాంగ్‌డోంగ్ రాష్ట్ర ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘం షెన్‌జెన్ భూ నిర్వహణ నిబంధనలు ఆమోదించింది. ఆ తర్వాత 1988లో రాజ్యాంగం, ఆ ఏడాది చివర భూ నిర్వహణ చట్టం సవరణ, 1990లో కేంద్ర మంత్రివర్గ నిబంధనలు. ఇళ్లకి 70 ఏళ్లు, పరిశ్రమలకి 50, వాణిజ్యానికి 40 అన్న లెక్క ఆ 1990 నాటిదే. నగరం, రాష్ట్రం, దేశం అని కింది నుంచి పైకి ఎక్కింది. "చట్టం లేదు" అనడం కంటే "చట్టం తలకిందులుగా వచ్చింది" అంటే దగ్గరగా ఉంటుంది.

ఎకనామిక్స్_మాస్టారు | మంగళవారం రాత్రి 9:00

బాగా చెప్పారు. కానీ అన్నీ తలకిందులుగా రాలేదండోయ్. 1979 జులైలో విదేశీ భాగస్వామ్య సంస్థల చట్టం వచ్చింది. మొత్తం పదిహేను అధికరణాలు. అప్పటికి చైనాలో కంపెనీల చట్టమే లేదు, అది వచ్చింది 1993లో! ఇంట్లోవాళ్లకి కంపెనీ అంటే ఏమిటో చెప్పకముందే చుట్టాలకి చట్టం రాసిపెట్టారు. ఆ చట్టం కింద 001 నంబరు లైసెన్సు పుచ్చుకున్నది విమానాల్లో భోజనాలు సరఫరా చేసే సంస్థ, బీజింగ్‌లో, 1980లో, హాంకాంగ్ కుటుంబంతో కలిసి.

ఎందుకు ముందు చట్టం? కాగితం చూడందే బయటివాడు డబ్బు పెట్టడు కనక. లోపలివాడికి కాగితం అక్కర్లేదు, మేయరు ముఖం తెలిస్తే చాలు. మా వాళ్ల సూత్రాలు పరదేశి పెట్టుబడి దగ్గర పనిచేసి, స్వదేశీ పెట్టుబడి దగ్గర ఎందుకు తేలిపోయాయో దీంతో కొంత అర్థమవుతుంది.

ఎర్రమందారం | మంగళవారం రాత్రి 9:22

"మేయరు ముఖం తెలిస్తే చాలు". ఈ మాటని మాస్టారు పొగడ్తలాగా ఎలా రాయగలిగారో! ముఖం తెలియనివాడి సంగతి? ప్రైవేటు కంపెనీలు ఏళ్లపాటు సమష్టి సంస్థలమని చెప్పుకుని "ఎర్ర టోపీ" పెట్టుకున్నాయి. తర్వాత టోపీ తియ్యబోతే ఆస్తి ఊరిదా నాదా అని తగాదాలు. పరిచయాలు చట్టం పని చేస్తాయి, నిజమే. పరిచయం చెడిన రోజున ఏం చేస్తాయో కూడా రాయాలి.

ఎకనామిక్స్_మాస్టారు | మంగళవారం రాత్రి 9:30

ఒప్పుకుంటున్నా. పొగడ్త అని కాదు, అలా నడిచింది అని నా ఉద్దేశం. వాక్యం సరిగా కుదరలేదు.

హార్బర్_లాయర్ | బుధవారం ఉదయం 7:45

చర్చ 1987 దగ్గరే ఆగిపోతోంది. కృష్ణవేణి గారూ, 1987ని 2015 పక్కన పెట్టి చూడండి.

2015 ఫిబ్రవరిలో 33 కౌంటీల్లో (మన తాలూకాల్లాంటివి) భూమి ప్రయోగం మొదలైంది. సమష్టి నేలలో వ్యాపార నిర్మాణానికి కేటాయించిన భాగాన్ని, సర్కారు సేకరించకుండానే, ఊరే నేరుగా మార్కెట్లో పెట్టుకోవచ్చు. ఇదీ అప్పటి చట్టానికి విరుద్ధమే. కానీ ఈసారి ముందే జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘం కూర్చుని, ఫలానా చట్టంలో ఫలానా సెక్షన్లు ఫలానా 33 చోట్ల తాత్కాలికంగా ఆపుతున్నాం అని తీర్మానం చేసింది. షాంఘై స్వేచ్ఛా వాణిజ్య మండలానికి 2013 ఆగస్టులో ఇలాగే మూడు విదేశీ పెట్టుబడి చట్టాల్లోని నిబంధనలు ఆపారు. ఈ పద్ధతిని 2015 మార్చిలో శాసన నిర్మాణ చట్టంలోనే రాసేశారు. 33 కౌంటీల ఫలితం 2019 సవరణలో దేశమంతటికీ చట్టమైంది, 2020 జనవరి 1 నుంచి అమలు. మాస్టారు చెప్పిన 1979 చట్టం కూడా అదే రోజున కొత్త విదేశీ పెట్టుబడి చట్టానికి చోటిచ్చి తప్పుకుంది.

ముప్పై ఏళ్లలో తేడా అదీ. అప్పుడు గోడ దూకారు. ఇప్పుడు గోడకి ముందే తలుపు కోసి, తాళంచెవి పైవాళ్ల దగ్గర పెట్టుకుని, అడిగినవాళ్లలో నచ్చినవాళ్లకి ఇస్తున్నారు. దీన్ని చట్టబద్ధ పాలన పెరగడం అనొచ్చు, కింది ఊళ్ల చొరవ తగ్గడం అనీ అనొచ్చు. నేను రెండూ అంటాను.

కృష్ణవేణి_లా | బుధవారం ఉదయం 10:10

లాయర్ గారూ, ఇది నాకు తట్టనే లేదు. నా థీసిస్‌లో 1987 ఒక అధ్యాయం, 2015 ఇంకో అధ్యాయం, మధ్యలో నూట పది పేజీలు. రెంటినీ పక్కపక్కన పెట్టలేదు.

మీ ఆఖరి మాటకి తోడు ఒక భాషా విషయం. చైనా భాషలో "చట్టవ్యవస్థ", "చట్టపాలన" అనే రెండు పదాల్ని పలకడం ఒకటే, రాయడంలో రెండో అక్షరం వేరు. 1999లో చట్టం ప్రకారం దేశాన్ని ఏలడం అన్నది రాజ్యాంగంలోకి వచ్చింది. 2018లో ఉపోద్ఘాతంలో మొదటి పదం తీసి రెండోది పెట్టారు. చెవికి తేడా లేదు, కంటికే తేడా. తెలుగులో మనకి ఒక్క విభక్తి చాలు: చట్టం ఏలడమా, చట్టంతో ఏలడమా?

నిర్వాహకుడు | బుధవారం ఉదయం 10:30

గమనిక: ఈ చర్చలోంచి సరిహద్దు గొడవల మీద వచ్చిన ఆరు పోస్టులు వేరే విభాగానికి మార్చాం. ఇక్కడ భూమి, చట్టం, ఆర్థికం మాత్రమే.

గట్టిపకోడి | బుధవారం ఉదయం 10:33

ఆరింట్లో నాలుగు నావే. క్షమించాలి.

ముత్యాలనది | బుధవారం మధ్యాహ్నం 12:50

ఎర్రమందారం గారు ఆ తేడా ఎవరి జేబులోకి అని అడిగారు. 1994 పన్నుల పంపకంలో కేంద్రం పెద్ద పన్నుల్లో ఎక్కువ వాటా తీసుకుంది, భూమి హక్కు అమ్మిన డబ్బు స్థానిక ప్రభుత్వాలకి వదిలేసింది. ఇక నగరాలన్నీ దానిమీదే పడ్డాయి. మెట్రో, ఫ్లైఓవర్లు, వాటి అప్పులు అన్నీ భూమి మీదే. 2021లో భూమి హక్కుల అమ్మకం మీద వచ్చింది దేశం మొత్తం మీద దాదాపు 8.7 లక్షల కోట్ల యువాన్లు. 2020 ఆగస్టు నుంచి బిల్డర్ల అప్పులకి "మూడు ఎర్ర గీతలు" గీశారు, ఎవర్‌గ్రాండ్ లాంటివి కూలాయి. 2024కి ఆ ఆదాయం 4.9 లక్షల కోట్ల దగ్గరికి పడిపోయింది.

నా కళ్లతో చూసింది ఒకటి. మా ఆఫీసు కిటికీ ఎదురుగా ఒక స్థలం ఉంది. పాట అయిపోయింది, నీలం రేకుల ప్రహరీ కట్టారు, రేకుల మీద అందమైన అపార్ట్‌మెంట్ల బొమ్మలు వేశారు. మూడేళ్లయింది. బొమ్మలు ఎండకి వెలిసిపోయి తెల్లబడ్డాయి. ఇప్పుడు లోపల ఎవరో ముసలావిడ ఆకుకూరలు వేస్తోంది.

హార్బర్_లాయర్ | బుధవారం మధ్యాహ్నం 1:30

ఎవర్‌గ్రాండ్‌ని మూసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది హాంకాంగ్ హైకోర్టు, 2024 జనవరి 29న. ఆస్తులు అత్యధికం సరిహద్దు అవతల. అక్కడి నేలమీద ఇక్కడి ఉత్తర్వు ఎంతవరకు చెల్లుతుందన్నది మా వృత్తిలో రోజూ నలిగే మాట.

కృష్ణవేణి_లా | బుధవారం సాయంత్రం 6:05

ఇంకో గోడు. చిన్న హక్కు ఇళ్ల మీద కోర్టు తీర్పులు లెక్కపెడదామనుకున్నా. సుప్రీం పీపుల్స్ కోర్టు 2013లో తీర్పుల వెబ్‌సైటు తెరిచింది, 2020 నాటికి పది కోట్లు దాటాయి. ప్రపంచమంతా పరిశోధకులకి పండగ. తర్వాత కొత్తవి పెట్టడం బాగా తగ్గింది, పాతవి కొన్ని కనపడకుండా పోయాయి. పోయిన ఏడు నేను నోట్సులో రాసుకున్న ఒక తీర్పు నంబరు ఈసారి వెతికితే ఖాళీ. కాబట్టి "తగాదాలు తగ్గాయి" అని గ్రాఫు గీస్తే అది తగాదాల గ్రాఫు కాదు, పెట్టడం మానేసిన తీర్పుల గ్రాఫు. ఎవరైనా ఈ అంశం మీద పనిచేస్తుంటే దొరికిన రోజే ప్రతి తీర్పూ దింపుకుని దాచుకోండి.

పాతదస్తావేజు | బుధవారం రాత్రి 8:40

అన్నీ చదివిన. ఒక అనుమానం. ఆ మొదటి పాటల 50 ఏండ్లు అన్నరు. రాసుకున్న లెక్కన 2037తోని అయిపోతది. అప్పుడు ఆ నేలమీద ఇల్లున్నోని గతేంది? మా దగ్గరైతే లీజు తీరిన తెల్లారే నోటీసొస్తది.

హార్బర్_లాయర్ | బుధవారం రాత్రి 9:15

పెద్దాయనా, ఇదే ప్రశ్న 2016లో వెన్‌జౌ నగరంలో లేచింది. అక్కడ కొన్ని ఇళ్లకి 20 ఏళ్ల హక్కే ఇచ్చారు, అది తీరింది. పొడిగించాలంటే భారీ మొత్తం కట్టాలన్న మాట రావడంతో దేశమంతా గగ్గోలు. ఆ డిసెంబరులో కేంద్రం ఒక మధ్యే మార్గం చెప్పింది: దరఖాస్తు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు, క్రయవిక్రయాలు మామూలుగా జరుగుతాయి, అదీ ప్రస్తుతానికి. 2021 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్ 359వ అధికరణం ఇళ్ల హక్కు దానంతటదే కొనసాగుతుందంటుంది. ఫీజు కట్టాలా, తగ్గించాలా, మాఫీ చెయ్యాలా అన్నది వేరే చట్టాలూ నిబంధనల ప్రకారం అని వదిలేసింది.

పాతదస్తావేజు | బుధవారం రాత్రి 9:40

అంటే హక్కు సాగుతది, పైసల సంగతి తర్వాత. ఈ వాక్యం నా సర్వీసుల శానా జీవోలల్ల చదివిన.

కృష్ణవేణి_లా | గురువారం ఉదయం 11:20

ఇప్పుడే గైడు గారిని కలిసొచ్చాను. ఒక్క వాక్యం ఇది ఇచ్చాను: "1987లో ఉల్లంఘన, 1988లో క్షమాపణ, 2015 నుంచి అనుమతి పత్రం." రెండుసార్లు చదివి, "క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పారు?" అని ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి ఇచ్చేశారు. రైతుల పరిహారం మీద అధ్యాయం మాత్రం ఒప్పుకున్నారు. ఎర్రమందారం గారూ, ఆ 30 రెట్ల లెక్క ఏదైనా ఒక్క ఊరికి వేసి చూపించగలరా? వచ్చే సోమవారానికి కావాలి.

ఎర్రమందారం | గురువారం మధ్యాహ్నం 12:02

ఆదివారం రాత్రికి పెడతా. మాస్టారూ, పంట విలువలు మీరు తియ్యాలి.